వలిసెలకు గిరాకీ వచ్చిన ఏడు

పెళ్ళయి అరకు వచ్చేనాటికి మా అత్తవారింట్లో ఆడదిక్కు లేదు. అత్తగారు నా పెళ్ళికి ముందే పోయారు. ఇంట్లో ఉన్నది మావయ్యగారు, మా ఆయన. వీధివైపు కొట్టు, పెరటివైపు గోదాము, మధ్యలో రెండు గదులు. వలిసెలు, పసుపు, చింతపండు, రాజ్మా గింజలు, ఇలా కొండమీద పండినవన్నీ శుక్రవారం సంతకు దిగి మా కొట్టుకు వచ్చేవి. ఉప్పు, బెల్లం, బట్టలు, సబ్బులు మా కొట్టునుంచి కొండమీదికి వెళ్ళేవి. ఇంట్లో ఏ మూలకు వెళ్ళినా గోనెసంచుల వాసనే.

నేను విజయనగరం పక్కన పల్లెలో పుట్టినదాన్ని. అంత చలి ఎప్పుడూ ఎరగను. ఆ మొదటి శీతాకాలం మా ఆయన పాత మేజోళ్ళు తొడుక్కుని, రెండు దుప్పట్లు కప్పుకుని, పొయ్యిదగ్గర కూర్చుని మా అమ్మను తలుచుకుని ఏడ్చేదాన్ని. మగవాళ్ళిద్దరూ గుమ్మంలోకి వచ్చి, చూసి, ఏం చెయ్యాలో తెలియక మళ్ళీ కొట్టులోకి వెళ్ళిపోయేవారు.

ఒక సంతరోజున వాళ్ళే ఆమెను లోపలికి పంపినట్టున్నారు. కొండమీద ఊరినుంచి సరుకు తెచ్చే మనిషి. మా అత్తగారితో చాలా చనువట. మా అమ్మకంటే కొంచెం చిన్నగా ఉంటుంది వయసులో. తిన్నగా వంటింట్లోకి వచ్చి, బుట్ట దించి, నన్ను ఎగాదిగా చూసింది.

"ఏటి గుంటా, అలగ ముడుసుకు కూకున్నావు? సలేత్తందా?"

"కాళ్ళు పగిలిపోయాయి. అడుగు వెయ్యలేకపోతున్నాను."

ఆమె నా పాదం లాగి ఒళ్ళో పెట్టుకుంది. నేను వెనక్కి లాక్కున్నాను. "పెద్దదానివి, నా కాళ్ళు పట్టుకోకు అప్పా" అన్నాను. మా వైపు అక్కను అప్ప అంటాం. నోటికి అదే వచ్చింది.

"కాళ్ళు పట్నేదు. నూని రాత్తన్నాను" అని బుట్టలోంచి సీసా తీసి, గరిటెలో కాస్త వేడిచేసి, వేళ్ళ సందుల దగ్గరనుంచి మడమదాకా మర్దన చేసింది. వలిసె నూనె అది. వలిసెలంటే నువ్వుల్లాంటి నల్లటి సన్న గింజలు. మా పల్లెలో వెర్రినువ్వులంటారు గానీ వాటి నూనె మా ఇంట్లో వాడిన గుర్తు లేదు. మొదట ఆ వాసన నచ్చలేదు. నాలుగు వారాలు గడిచేసరికి మడమలు నున్నబడ్డాయి, వాసనకూ అలవాటు పడ్డాను. అప్పటినుంచి శుక్రవారమంటే నాకు పుట్టింటినుంచి ఎవరో వచ్చే రోజులా ఉండేది.

ఆ మరుసటి ఏడాది వలిసెలకు ఎన్నడూ లేని గిరాకీ వచ్చింది.

విశాఖపట్నంనుంచి ఒక ఎగుమతి వ్యాపారి తరఫు మనిషి జీపులో వచ్చాడు. అంతవరకూ మావయ్యగారే సంచులు లారీకెక్కించి పంపేవారు. సరుకు కోసం వాళ్ళు మా గుమ్మంలోకి రావడం అదే మొదలు. కొట్టులో బల్లమీద కూర్చుని, నేనిచ్చిన కాఫీ తాగుతూ, ఎంత దొరికితే అంత కొనమన్నాడు. ధర కిందటేటికి రెట్టింపు చెప్పాడు. మావయ్యగారు నమ్మలేదు.

"ఉన్నట్టుండి ఏమొచ్చిందండీ వలిసెలకి?"

"యుద్ధం వచ్చింది" అన్నాడతను. "వలిసెలు ఎగుమతి చేసేది ముఖ్యంగా మనమూ, ఇథియోపియా. వాళ్ళకీ పక్కనున్న ఎరిట్రియాకీ తగాదా పడింది. వాళ్ళ సరుకు ఓడకెక్కే రేవేమో ఆ పక్కదేశంలో ఉంది. సరుకు కదల్లేదు. అమెరికాలో కొనేవాళ్ళంతా ఇప్పుడు మనవైపు తిరిగారు."

"అమెరికావాళ్ళు వలిసె నూనె తింటారా?"

"నూనెకి కాదండీ. పిట్టలకి. పెరట్లో చిన్న గొట్టాలు వేలాడదీసి గింజలు పోస్తారు. పచ్చటి పిట్టలొచ్చి తింటాయట. చలికాలం వాటిని చూసుకుంటూ కిటికీ దగ్గర కూర్చుంటారు."

అతను వెళ్ళాక మా ఆయన తన హైస్కూలు అట్లాసు వెతికి తీశాడు. ఇద్దరం గోదాము గుమ్మంలో కూర్చుని ఆఫ్రికా బొమ్మ విప్పాం. ఇథియోపియా కనిపించింది. ఎరిట్రియా ఎంత వెతికినా లేదు. ఆయన చదువుకున్న రోజుల్లో అదంతా ఒకే దేశమట. సముద్రం అంచున వేలు పెట్టి, "ఇక్కడెక్కడో ఉంటుంది ఆ రేవు" అన్నాడు. నాకప్పుడు నాలుగో నెల. తల ఆయన భుజాన ఆనించి, ఎరగని దేశపు సముద్రం ఒడ్డును అలా చూస్తూ కూర్చున్నాను.

శుక్రవారం అప్ప వచ్చినప్పుడు ఈ కథంతా చెప్పాను. ఆమె అంతా విని, పిట్టల దగ్గర ఆగిపోయింది.

"పిట్టలకా? డబ్బెట్టి కొని పిట్టలకేత్తారా?"

"అవునట."

"మా పిల్లలు మంచెలెక్కి పొద్దల్లా పిట్టల్ని తోల్తారు గుంటా. అరిసి అరిసి గొంతులు పోతాయి." నవ్వడం మొదలుపెట్టింది. చీర కొంగు నోటికడ్డం పెట్టుకుని, కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. తర్వాత నెమ్మదించి, "ఆ పక్క దేశపోళ్ళు కొట్టుకోడం దేనికి మరి?" అని అడిగింది. నాకు తెలియదన్నాను. "ఆల సేలు ఎవులు కోత్తన్నారో" అంది.

ఆ నెలంతా మా వీధి నిండా బుట్టలే. కావిళ్ళతో మగవాళ్ళు, తలమీద మూటలతో ఆడవాళ్ళు, ఊరూరినుంచీ దిగారు. అనంతగిరి వైపునుంచి కూడా వచ్చారు. జీపులేసుకుని కొండమీదికే వెళ్ళి కొన్నవాళ్ళున్నారు. నూనె కోసం ఇంట్లో అట్టేపెట్టుకున్న గింజలూ, విత్తనానికి కుండలో దాచిన గింజలూ అన్నీ అమ్మేశారు. అప్ప కూడా కుండ బోర్లించి తెచ్చేసింది.

అమ్మాక కొట్టులో చాలాసేపు నిలబడింది. గాజుల వైపు చూడలేదు, చీరల వైపు చూడలేదు.

"గొడుగులున్నాయా సావుకారీ?" అని మావయ్యగారిని అడిగింది.

"డిసెంబరులో గొడుగులేటమ్మా! వానలప్పుడు రా."

"అప్పుడు సేతిలో డబ్బుండదు. ఇప్పుడే ఇచ్చీ. నాలుగు గావాల."

ఆమె, భర్త, ఇద్దరు పిల్లలు. ఆ రోజు మూటలు మోస్తూ నలుగురూ దిగారు. అరకులో వాన మొదలైతే వదలదు. అన్నాళ్ళూ ఆకులతో అల్లిన గిడుగు నెత్తిన పెట్టుకునే పనిచేసేవారు. అది వీపు తడవకుండా కాపాడుతుంది గానీ పిల్లలు బడికి వేసుకెళ్ళడానికి సిగ్గుపడేవారట. మా ఆయన నిచ్చెన వేసుకుని అటకెక్కి, దుమ్ము దులిపి, గొడుగులన్నీ దించాడు. కూతురికి పువ్వులది, మిగిలిన ముగ్గురికీ నల్లవి తీసుకుంది. ఎండ ఫెళ్ళుమని కాస్తుంటే నలుగురూ నాలుగు గొడుగులు విప్పుకుని రైల్వేగేటు వైపు నడిచి వెళ్ళారు. కొట్టు మెట్లమీద నిలబడి వాళ్ళు మలుపు తిరిగేదాకా చూశాం. మావయ్యగారు కూడా లేచి వచ్చి చూశారు.

వేసవిలో పురిటికి పుట్టింటికి వెళ్ళాను. ఆడపిల్ల. పిల్లకు మూడోనెలలో తిరిగి వచ్చేసరికి అరకులో వానలు. మొదటి శుక్రవారమే అప్ప వచ్చింది. పిల్లను ఒళ్ళో వేసుకుని, చేతులూ కాళ్ళూ చాపి చూసింది. తలకు నూనె ఉందో లేదో తడిమి చూసి, ముఖం చిన్నబుచ్చుకుంది.

"నూని తేలేదు గుంటా. సుక్క లేదు. గింజలన్నీ ఆ పిట్టలకే ఎలిపోనాయి."

వాళ్ళ ఊరిలో అందరూ సంతలో పామాయిల్ పొట్లాలు కొనుక్కుని వండుకుంటున్నారట. కూరకు రుచి లేదంది. పిల్లలు తినడం లేదంది. అంతకన్నా పెద్ద బెంగ విత్తనం. చల్లే రోజులు దగ్గర పడ్డాయి, ఏ ఇంట్లోనూ గింజ లేదు.

వలిసెలు ఉన్న చోటు మా గోదాము ఒక్కటే. చివరి సరుకు కొన్ని బస్తాలు మావయ్యగారు ఆపి ఉంచారు. వానలు పడ్డాక ధర ఇంకా పెరుగుతుందని విశాఖ మనిషి చెప్పాడు. సోమవారం లారీ వస్తుందని కబురు కూడా పెట్టాడు. మా ఆయన తండ్రి దగ్గరికి వెళ్ళి విషయం చెప్పాడు. ఆయన పేపరు చదువుతున్నారు. అప్ప గుమ్మంలో నిలబడి ఉంది, పిల్ల ఇంకా ఆమె చంకలోనే ఉంది.

కాసేపటికి మావయ్యగారు పేపరు మడిచి, తాళాలగుత్తి మా ఆయన చేతిలో పెట్టారు.

"విత్తనానికి కావలసినవాళ్ళని రమ్మను. గింజకి గింజ పంటలో ఇద్దురు. లారీవాడికి నేను చెప్పుకుంటాను."

తర్వాత అప్పవైపు తిరిగారు. "ఎంత చేను చల్లుతున్నారు ఈ ఏడు?"

"ఉన్నదంతా సావుకారీ."

"చోడి చేను కూడానా?"

"అది కూడా. సోళ్ళు సంతలో కొనుక్కుంటాం. ఈ గింజలమ్మితే రెండేళ్ళ సోళ్ళు వొత్తాయి కదేటి."

చోళ్ళంటే రాగులే. కొండమీద పొద్దున్న అంబలి, మధ్యాహ్నం అంబలి. ఇంట్లో చోళ్ళుంటే తిండి ఉన్నట్టు. కిందటేడు ధర పెంచి కొన్నది మావయ్యగారే, ఇప్పుడు వద్దని ఏమని చెబుతారు?

ఆ మర్నాడు మా ఆయన ఒక బస్తామూతి విప్పి, చిన్న సంచిలోకి కాసిన్ని గింజలు తీసుకుని, వానలో నూనెమిల్లుకి వెళ్ళాడు. అంత కొంచెం ఆడనని మిల్లువాడు కసురుకున్నాడట. పసిపిల్లకని బతిమాలి ఆడించుకుని, తడిసి ముద్దయి వచ్చి, చొక్కాలోంచి సీసా తీసి నా చేతిలో పెట్టాడు.

"అమెరికా పిట్టలకి ఒక పూట తిండి తగ్గింది" అన్నాడు.

అప్ప వచ్చినప్పుడల్లా ఆ నూనెతోనే పిల్లకు ఒళ్ళు రుద్దేది. రెండు కాళ్ళు చాపి, వాటిమీద పిల్లను బోర్లా పడుకోబెట్టి, తన భాషలో ఏదో సన్నగా పాడుతూ వీపు రాసేది. పిల్ల ఏడవకుండా వినేది. అదయ్యాక నిద్రపోతే సంత ముగిసేదాకా లేచేది కాదు. నేను ఆ పూటే కాస్త నడుం వాల్చేదాన్ని.

ఆ కార్తీకంలో లోయంతా పసుపు పూసింది. చోళ్ళు పండే పొలం చెక్కలమీద, సామలు పండే ఏటవాలులమీద, ఎక్కడ చూసినా వలిసె పువ్వే. పట్నంనుంచి వచ్చినవాళ్ళు రైలు దిగి ఆ చేలల్లో నిలబడి ఫోటోలు తీయించుకున్నారు. పంట బాగా వచ్చింది. ఎండబెట్టి, కొట్టి, చేటలతో చెరిగి, సంతకు సిద్ధం చేశారు.

మొదటి సరుకు దిగాల్సిన శుక్రవారం పొద్దున్నే కొట్టులో ఫోను మోగింది. మా ఆయన తీశాడు. అవతల విశాఖ మనిషి. మా ఆయన ఫోను పెట్టేసి, తండ్రితో అన్నాడు: "ఈ ఏడు మన సరుకు అక్కర్లేదట నాన్నా. ఇథియోపియా వాళ్ళు వేరే దేశం మీదుగా ఇంకో రేవు చూసుకున్నారట. కిందటేడు నిలిచిపోయిన సరుకు కూడా కలిపి తోసేస్తున్నారట. అమెరికాలో గోదాములు నిండిపోయాయట."

"యుద్ధం అయిపోయిందా?"

"లేదు. దారి మార్చుకున్నారంతే."

అప్పటికే వీధిలో బుట్టలు దిగుతున్నాయి. కబురు కొట్టునుంచి కొట్టుకు పాకింది. కొందరు కాటాలు లోపల పెట్టేసి తలుపులు దగ్గరగా వేశారు. తెరిచి ఉంచిన ఒకరిద్దరు చెప్పిన ధర విని ఆడవాళ్ళు బుట్టలు నేలమీద పెట్టి అక్కడే కూలబడ్డారు. పొద్దు పోకముందే కొండెక్కాలి. మోసుకొచ్చినదాన్ని మోసుకుపోవాలా, వచ్చినంతకు ఇచ్చెయ్యాలా అన్నది వాళ్ళకు తేలడం లేదు.

అప్ప మా మెట్లదగ్గరే నిలబడింది. వెనక భర్త, కావిడి భుజంమీదనుంచి దించకుండా ఉన్నాడు. మావయ్యగారు ఆమెకు ఉన్నదున్నట్టు చెప్పారు.

"మరి మాకాడ సోళ్ళు లేవు సావుకారీ" అంది. "ఒక్క కుంచం లేవు."

మావయ్యగారు లోపలికి వచ్చారు. వంటింటి గుమ్మంలో ఆగి నన్ను చూశారు. వ్యాపారం మాట ఆయన నాతో ఎన్నడూ మాట్లాడి ఎరగరు. "గోదాములో చోళ్ళు ఎన్ని బస్తాలున్నాయో చూశావా అమ్మా?" అని అడిగారు. ఆ సంచులమీదే పిల్ల బట్టలు ఆరేస్తాను కాబట్టి నాకు తెలుసు. వెనకగోడ పొడుగునా ఉన్నాయని, పైవరస తడిసిందిగానీ కిందవి బాగున్నాయని చెప్పాను.

ఆయన వెనక్కి వెళ్ళి కాటా బయటికి లాగించారు. కాటా అవసరం లేదని మళ్ళీ పక్కకు తోయించి కుంచం తెమ్మన్నారు. "డబ్బివ్వలేను. కుంచం వలిసెలకి రెండు కుంచాలు చోళ్ళు. యుద్ధం రాకముందు ఎలా ఉండేదో అలాగ" అని అందరికీ వినపడేలా చెప్పారు.

మా ఆయన ఆయన చెవిదగ్గరికి వెళ్ళి, "ఇదంతా ఎవరు కొంటారు నాన్నా?" అన్నాడు.

"ఎవరూ కొనకపోతే మనమే తింటాం."

పొద్దు వాలేదాకా కొలిచారు. మా చోళ్ళు అయిపోతే బియ్యం, బియ్యం అయిపోతే ఉప్పూ బెల్లం. నేను పిల్లను వీపుకు కట్టుకుని సంచులు పట్టాను. అప్ప తన వంతు కొలిపించుకుని వెళ్ళిపోకుండా, సంచుల మూతులు కుట్టడానికి నా పక్కన కూర్చుంది. ఒకసారి నా వీపుమీద జారుతున్న పిల్లను పైకి ఎగదోసి, ముడి బిగించి కట్టింది.

మర్నాటినుంచి మాకు అసలు కష్టం తెలిసింది. గోదాము పైకప్పుదాకా వలిసెలు. కొట్టులో అరలు ఖాళీ. మళ్ళీ సరుకు తేవడానికి మా ఆయన స్కూటరు అమ్మేశాడు. కొన్న నాటినుంచి రోజూ తుడుచుకున్న బండి. అమ్మి, తాళం ఇచ్చి, నడిచి ఇంటికొచ్చి, స్నానానికి నీళ్ళు పెట్టమన్నాడు. నేను పెట్టాను.

గింజలు కొనేవాళ్ళు లేరు కాబట్టి నూనె ఆడించి మా పుట్టింటి వైపు అమ్ముదామని నేనే అన్నాను. అక్కడ ఎవరూ వాడరని మా ఆయన అన్నాడు. అలవాటు లేక నేనూ వాడలేదు, ఇప్పుడు వాడటం లేదా అన్నాను. నూనెమిల్లువాడు ఈసారి కసురుకోలేదు, రోజుల తరబడి ఆడించాడు. డబ్బాలు బస్సుమీద వేసుకుని నేను, మా ఆయన, చంకలో పిల్ల, శృంగవరపుకోట మీదుగా మా పల్లెకు వెళ్ళాం. మా అమ్మ మూత తీసి వాసన చూసి ముక్కు చిట్లించింది. పిల్ల ఒళ్ళు తడిమి, "ఇంత నున్నగా ఉందేమే దీని చర్మం?" అంది. "ఈ నూనే" అన్నాను. ఆ మాట మా వీధిలో పసిపిల్లలున్న ఇళ్ళన్నిటికీ మా అమ్మే మోసింది. అలా మొదలై పక్కూళ్ళకు పాకి, మెల్లగా కొంత పోయింది. పోనిది మేం తిన్నాం. ఆ వేసవి మా ఇంట్లో ఆవకాయ కూడా వలిసె నూనెతోనే పెట్టాను. మావయ్యగారు మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలి, "బాగానే ఉంది" అన్నారు. బాగాలేదు. ఏడాది పొడుగునా ఎవరం మారు మాట్లాడకుండా తిన్నాం.

తొలకరికి ముందు అప్ప వచ్చి, మావయ్యగారి ఎదుట మెట్టుమీద కూర్చుంది.

"ఈ ఏడు ఏటి సల్లమంటావు సావుకారీ?"

"నన్నడక్కమ్మా" అన్నారాయన. "నాకు తెలిసుంటే కిందటేడే చెప్పేవాణ్ణి. తినేది ముందు చల్లుకో. మిగిలిన చెక్కలో నీకు తోచింది వేసుకో."

ఆమె చోడి చేను చోళ్ళకే ఉంచింది. ఏటవాలుమీద ఎప్పటిలాగే వలిసెలు చల్లింది. కోతలయ్యాక ఒకరోజు వచ్చి, కొత్తల పండగకు మమ్మల్ని రమ్మంది. కొత్తపంట దేవతకు పెట్టి తినే పండగది. మమ్మల్నంటే నన్నూ పిల్లనూ అనుకున్నాను. మావయ్యగారు కూడా చెప్పులు వేసుకుని బయలుదేరారు. వయసులో వ్యాపారానికి కొండెక్కి వచ్చిన కొత్తలోనే ఆ ఊళ్ళన్నీ తిరిగారట గానీ, ఏ ఇంట్లోనూ మంచినీళ్ళు కూడా ముట్టలేదు. ఆ పట్టింపు ఆయనకు ఎక్కువ. దారిలో మా ఆయన నావైపు చూసి కనుబొమ్మలెగరేశాడు. నేను ఊరుకోమన్నాను.

మట్టి అరుగు ఎర్రగా అలికి ఉంది. అప్ప మాకు అడ్డాకు విస్తళ్ళు వేసి, మావయ్యగారికి మాత్రం వెయ్యకుండా, అరటిపళ్ళు తెచ్చి పక్కన పెట్టింది. ఆయన పద్ధతి ఆమెకు తెలుసు. మావయ్యగారు ఆ పళ్ళవైపు చూసి, "నాకు విస్తరి లేదేటమ్మా?" అన్నారు.

ఆమె గబగబా లోపలికి వెళ్ళి, ఇంకో విస్తరి తెచ్చి, కొంగుతో తుడిచి వేసింది. సామబియ్యం అన్నం, వెదురుకొమ్ముల కూర, కందుల పులుసు. ఆయన తలవంచుకుని తిన్నారు. కూర మళ్ళీ అడిగి వేయించుకున్నారు. ఆమె భర్త గుంజకు ఆనుకుని నిలబడి, ఇంకా పెట్టమని కళ్ళతోనే సైగ చేస్తున్నాడు.

చేతులు కడుక్కున్నాక మావయ్యగారు అరుగుమీదే, ఎండ పడుతున్న చోట, గోడకు జారబడ్డారు. మాట్లాడుతూ మాట్లాడుతూనే నిద్రపోయారు. పిల్ల వెళ్ళి ఆయన పక్కన పడుకుంది. బస్సుకు వేళవుతోందని మా ఆయన లేపబోతే అప్ప చెయ్యి అడ్డం పెట్టింది.

"లేపకు బాబూ. తొంగోనీ. ఇంకో బస్సుంది."

ఒక దుప్పటి తెచ్చి ఇద్దరిమీదా కప్పింది. మేం పెరట్లోకి వెళ్ళి చింతపండు గింజలు తీస్తూ కూర్చున్నాం. ఆయన లేచేసరికి ఎండ ఎదుటి కొండమీదికి మళ్ళింది.